క్రూజ్ కంట్రోల్ దానంతటదే వదిలేస్తోంది, అదీ వంతెనల దగ్గరే

కోదాడబండి

అందరికీ నమస్తే. మూడు వారాలుగా ఈ ఒక్క సమస్యతో మా ఆవిడ తల తిన్నాను, ఇక మీ తలలే మిగిలాయి. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

బండి 300 పైచిలుకు సీసీ. కేబుల్ ఎక్సలేటర్ కాదు, రైడ్ బై వైర్, అంటే ఎక్సలేటర్ ఎంత తిప్పామో సెన్సర్ చూసి కంప్యూటరుకు చెప్పే రకం. కొని 14 నెలలైంది, 11,200 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయను. రాస్తే అసలు సంగతి పక్కకుపోయి "ఆ బండి కొనొద్దని అప్పుడే చెప్పా" అనేవాళ్లతో పేజీ నిండిపోతుంది.

నేనుండేది ఎల్బీనగర్‌లో, అమ్మానాన్న కోదాడలో. రెండు వారాలకోసారి శనివారం తెల్లవారుజామున 65వ నంబరు హైవే పట్టుకుని వెళ్లొస్తుంటా. కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నా. ఎముక అతుక్కుంది గానీ, ఎక్సలేటర్ ఒకే తీరుగా గంటసేపు తిప్పి పట్టుకుంటే నార్కట్‌పల్లి వచ్చేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. ఒకసారి వేగం సెట్ చేస్తే ఎక్సలేటర్ తిప్పి పట్టుకోకుండానే అదే వేగంతో వెళ్లే క్రూజ్ ఉన్న బండే కావాలని పట్టుబట్టి కొన్నది అందుకే, షోకు కోసం కాదు.

పంతంగి టోల్ దాటాక రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది. బైకులకు పరిమితి 80 కదా, 78 దగ్గర సెట్ చేస్తా. బటన్ నొక్కితే డాష్‌లో తెల్ల బొమ్మ వస్తుంది, సెట్ నొక్కితే పచ్చబడుతుంది. ఏడాదిపాటు ఒక్కసారి మాట తప్పలేదు. ఇప్పుడేమో పచ్చబొమ్మ ఉన్నట్టుండి తెల్లబడుతుంది, బండిని ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు వేగం పడిపోతుంది. రెజ్యూమ్ నొక్కితే బుద్ధిగా మళ్లీ పట్టుకుంటుంది. ఐదు నిమిషాలో పావుగంటో, తర్వాత మళ్లీ అదే కథ.

మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు వదిలేస్తోందనుకున్నా. మొన్న లెక్కపెట్టుకుంటూ వెళ్లా. పంతంగి నుంచి సూర్యాపేట లోపు తొమ్మిది సార్లు వదిలింది. అందులో ఆరు వంతెనల అతుకుల మీదే. సూర్యాపేటకు ముందు మూసీ వంతెన ఉంది చూడండి, అక్కడ ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి, ఖాయం. నున్నటి రోడ్డు మీద ఇరవై నిమిషాలు కూడా పట్టుకుంది.

చెక్ ఇంజిన్ లైటు లేదు, ఏబీఎస్ (బ్రేక్ పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లైటు లేదు. సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ తగిలించి లోపం చూపే కోడ్ ఏమీ లేదన్నారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, తేడా లేదు. రెండోసారి వెళ్తే "ఎడమ చేతివైపు స్విచ్చుల సెట్ మొత్తం మార్చాలి, లోపలికి నీళ్లు వెళ్లినట్టున్నాయి, అది వారంటీలో రాదు, 6,800 అవుతుంది" అన్నారు. నీళ్లు ఎక్కడున్నాయో చూపించమంటే విప్పితే గానీ తెలియదన్నారు. మార్చాకా తగ్గకపోతే? అడిగితే నవ్వారు.

బండిలో నేనేమీ మార్చలేదు. షోరూమ్ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?


హాఫ్‌క్లచ్

అన్నా, సగం రోడ్డు మీద మిర్చి, సగం రోడ్డు మీద రాంగ్ రూట్ ట్రాక్టరు ఉండే దేశంలో క్రూజ్ ఎందుకన్నా. నాకు తెలిసి ఇది బ్రేక్ స్విచ్ గోలే. మా ఫ్రెండుకి ఇలాగే అయితే ముందు బ్రేక్ స్విచ్ వైర్ కత్తిరించి టేపు చుట్టేశాడు. ఆరు నెలలైంది, క్రూజ్ సూపర్. ఫుట్ బ్రేక్‌కి లైటు వెలుగుతుందిగా, చాలు.


టూల్‌కిట్‌తాత

హాఫ్‌క్లచ్ బాబూ, మీ ఫ్రెండుని ఈ రోజే ఆ వైరు కలుపుకోమని చెప్పు. ముందు బ్రేక్ పట్టినా క్రూజ్ వదలదు. బ్రేకు ఆపుతుంటే ఇంజిన్ లాగుతుంటుంది. వెనక వచ్చే లారీ వాడికి లైటు కూడా కనపడదు. రోగం కనుక్కున్నాడు గానీ మందు మాత్రం విషం వేశాడు.

కోదాడబండి గారూ, నేను ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా 31 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. బస్సులకు క్రూజ్ లేదు, అయినా వైరు వైరే కదా.

మీ క్రూజ్ చెడిపోలేదు. చెప్పినట్టు వింటోంది, చెప్పేది మీరు కాదు, అంతే. ఆ కంప్యూటరుకు రోడ్డు కనపడదు. దానికి అందే కబుర్లు కొన్నే: ముందు బ్రేక్ స్విచ్, వెనక బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్, ఎక్సలేటర్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్, చక్రాల వేగం, గేరు. వీటిలో ఏ ఒక్కటి "ఆపు" అన్నా వదిలేయమనే దానికి నేర్పారు. బ్రేక్ కబురు వచ్చి వదిలేస్తే దాని లెక్కలో అది తప్పు కాదు, రైడర్ బ్రేక్ పట్టాడు, వదిలేశాను, అంతే. ల్యాప్‌టాప్‌లో కోడ్ లేకపోవడానికి కారణం అదే. కోడ్ లేదంటే లోపం లేదని కాదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ తీసేద్దాం. చక్రం సెన్సర్ గానీ దాని పళ్ల రింగు గానీ తేడా చేస్తే ఏబీఎస్ లైటు వచ్చేది, రాలేదు. ఎడమ స్విచ్చుల్లో నీళ్లుంటే వాన పడ్డ మర్నాడు ఎక్కువ, ఎండలో తక్కువ ఉండాలి, వంతెన అతుకులతో దానికేం పని? కుదుపుకి వదులుతోందంటే ఎక్కడో ఒక స్విచ్ అంచు మీద కూర్చుని ఉంది, లేదా ఒక వైరు సాకెట్‌లో వదులుగా ఉంది.

రాత్రి పూట బండిని ఏదైనా తెల్ల గోడకో షట్టరుకో వెనకభాగం ఆనించినట్టు పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, తాళం మాత్రం ఆన్ చేయండి. బ్రేక్ లైటు వెలిగితే గోడ మీద ఎర్ర వెలుగు పెరిగి తగ్గడం స్పష్టంగా కనిపిస్తుంది. పగలు లైటు కేసి చూస్తే ఇది దొరకదు. మొదట వెనక బ్రేక్ పెడల్ దగ్గర స్విచ్, స్ప్రింగ్, వైరు కదపండి, పెడల్‌ని కింద నుంచి పైకి వేలితో తట్టండి. తర్వాత హ్యాండ్ బ్రేక్ లివర్. పట్టుకోవద్దు, ఊరికే తట్టండి, పైకీ కిందికీ ఆడించండి. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. ఎప్పుడు గోడ ఎర్రబడితే దొంగ అక్కడున్నాడు. మూడోది క్లచ్, దానికి లైటు లేదు, మల్టీమీటర్ కావాలి, అది తర్వాత.

ఒకటి గుర్తుపెట్టుకోండి. కొన్ని బళ్లలో బ్రేక్ లైటుకి ఒక కాంటాక్టు, కంప్యూటరుకి ఇంకోటి ఉంటాయి. గోడ ఎర్రబడలేదని బ్రేకులు మంచివని తేల్చేయకండి.


డాలస్‌బావ

తాతగారు చెప్పాక నేను చెప్పేదేముంది గానీ, ఇంకో అనుమానం. చాలా బళ్లలో ఎక్సలేటర్‌ని సున్నా దాటించి ఇంకాస్త ముందుకు తిప్పితే క్రూజ్ వదిలేస్తుంది. ఒక పావు అంగుళం చాలు. క్రూజ్‌లో ఉన్నప్పుడు చెయ్యి బద్ధకంగా గ్రిప్ మీద పడేసి ఉంచుతాం, అతుకు మీద బండి ఎగరగానే అరచెయ్యి గ్రిప్‌ని ముందుకు తోస్తుంది. నాకు ఇక్కడ కొత్త బండి మీద నెల రోజులు ఇదే జరిగింది, కంపెనీని తిట్టుకున్నా, తప్పు నా చేతిది. ఈసారి క్రూజ్ పెట్టాక గ్రిప్‌ని అరచేత్తో కాకుండా హ్యాండిల్ చివరుండే బరువు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. బ్రేక్ అందేలా ఉండాలి సుమా.

అంతకుముందు నా దగ్గరున్న పాత టూరింగ్ బండికి కంప్యూటరు కాదు, ఇంజిన్ పీల్చే గాలితో కేబుల్ లాగే క్రూజ్. అది వదిలేస్తే చూడాల్సింది రబ్బరు గొట్టాలు. ఎక్కడో జుట్టంత పగులు ఉంటుంది. ఎత్తు రోడ్డు వస్తే చాలు, ఇంజిన్ పీల్చే బలం చాలక చేతులెత్తేసేది. మీ కొత్త బళ్లకు ఆ బాధ లేదు.

ఇంకో మాట. మీది "వదిలేయడం". వేగం 76, 80, 76, 80 అని ఊగిసలాడటం వేరే జబ్బు, దానికి గొలుసు వదులు చూడాలి. ఈ రెండు జబ్బుల వాళ్లూ ఒకేలా "క్రూజ్ పనిచేయట్లేదు" అని రాస్తారు, మనం తప్పుడు మందు చెప్తాం.

సంబంధం లేని సంగతి, అయినా చెప్తా. ఈ క్రూజ్ కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కి ఐదేళ్ల వయసు నుంచి చూపు లేదు. పక్కన కూర్చుని ప్రయాణిస్తుంటే, కారు నడిపే లాయరు మాట్లాడేటప్పుడు నెమ్మదించడం, వినేటప్పుడు వేగం పెంచడం ఆయనకి విసుగు తెప్పించిందట. 1950లో పేటెంట్ వచ్చింది. మా ఆవిడ నా పక్కన కూర్చున్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.


కోదాడబండి

తాతగారూ, డాలస్ బావగారూ, ఇద్దరికీ దండాలు. చేసినవి చెప్తాను.

శుక్రవారం రాత్రి పదిన్నరకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెల్ల గోడకి వెనకభాగం పెట్టా. మా ఆవిడని గోడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టా, చేతిలో టీ. వాచ్‌మన్ వచ్చి "ఏం సార్, పూజా?" అన్నాడు.

పెడల్ స్విచ్‌ని కదిపా, స్ప్రింగ్ లాగా, వైరు కదిపా, పెడల్ తట్టా. గోడ కదల్లేదు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పా. ఏమీ లేదు. హ్యాండ్ బ్రేక్ లివర్‌ని మామూలుగా తట్టా, ఏమీ లేదు. మా ఆవిడ "టీ అయిపోయింది" అంది. ఇంకోసారి, ఈసారి పిడికిలితో హ్యాండిల్ మీదే గట్టిగా గుద్దా. "ఆఁ, ఏదో మెరిసింది!" అంది. మళ్లీ గుద్దితే లేదు. నాలుగోసారి మళ్లీ మెరిసింది. అంత చిన్న మెరుపు, కన్ను మూసి తెరిచేలోపు పోయింది.

శనివారం ఊరు వెళ్తూ బావగారు చెప్పింది చూశా. రెండు వేళ్లతో చివర పట్టుకున్నా. మూసీ వంతెన దగ్గర యథాప్రకారం వదిలేసింది. అంటే నా అరచెయ్యి నిర్దోషి.

ఆదివారం తిరిగొచ్చేటప్పుడు మా బావమరిది వేరే బండి మీద వెనకాల, వాడి వెనక వాడి స్నేహితుడు ఫోన్‌తో వీడియో. మునగాల దాటాక ఒక అతుకు మీద నేను బ్రేక్ ముట్టుకోలేదు, బ్రేక్ లైటు ఒక్క మెరుపు మెరిసింది, అదే క్షణంలో నా డాష్‌లో పచ్చబొమ్మ తెల్లబడింది. వీడియో పదిసార్లు చూశా. దొంగ ముందు బ్రేక్ వైపే ఉన్నాడని అనుకుంటున్నా. మరి స్విచ్ మార్చేయమంటారా?


ఘాట్‌రోడ్‌లక్ష్మి

ఒక్క ప్రశ్న అన్నయ్యా. మీ హ్యాండ్ బ్రేక్ లివర్ కంపెనీదేనా?


కోదాడబండి

అక్కా, మీరు మనిషా, ఎక్స్‌రే మిషనా?

కంపెనీది కాదు. రెండు నెలల కిందట మా పెద్దమ్మ కొడుకు సెల్లార్‌లో బండి స్టాండ్ సరిగా వేయకుండా వదిలితే కుడి పక్కకి పడింది, లివర్ చివర విరిగింది. ఆన్‌లైన్‌లో జత 1,150కి దొరికాయి, మడత పెట్టేవి, బంగారు రంగు. అవి వేశా. "బండిలో ఏమీ మార్చలేదు" అని రాసేటప్పుడు నిజంగా గుర్తు రాలేదు. లివర్ మార్చడం కూడా మార్పేనని తోచలేదు. తాతగారూ, మన్నించండి, మీతో ఇంత రాయించా.


ఘాట్‌రోడ్‌లక్ష్మి

ఎక్స్‌రే కాదు, నేనూ పడ్డ గుంతే. నాది విశాఖ, అరకు వైపు ఎక్కువ తిరుగుతా. పోయినేడు పొట్టి లివర్లు వేయించాను, నా వేళ్లు చిన్నవి, పెద్దవి అందవు. తర్వాత ఎస్.కోట దాటి ఘాట్ మొదలైతే చాలు, వెనక వచ్చే వాళ్లంతా ఎందుకు హారన్ కొడుతున్నారో అర్థమయ్యేది కాదు. నా బ్రేక్ లైటు డిస్కో లైటులా మిణుకుమంటోందట. నా బండికి క్రూజ్ లేదు కాబట్టి నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. మీకు క్రూజ్ చెప్పింది.

చూడాల్సిన చోటు చెప్తా. లివర్ బోల్టు దగ్గర కిందనుంచి టార్చి వేయండి. ఒక చిన్న నల్ల స్విచ్, దానికి మినప గింజంత బుడిపె. చాలా బళ్లలో మీరు లివర్ వదిలేసి ఉన్నప్పుడు లివర్ మడమ, అంటే బోల్టు పక్కనుండే దాని మొదలు, ఆ బుడిపెని లోపలికి నొక్కి పెడుతుంది. లివర్ పట్టగానే మడమ పక్కకి జరుగుతుంది, బుడిపె బయటికొస్తుంది, టిక్కుమంటుంది, లైటు వెలుగుతుంది. కంపెనీ లివర్ మడమ సరిగ్గా ఎంత ఉండాలో అంత ఉంటుంది. ఆన్‌లైన్‌వి పది మోడళ్లకి సరిపోయేలా కోస్తారు కదా, మడమ కొంచెం తక్కువైతే బుడిపె అరకొరగా నొక్కుకుని ఉంటుంది. మామూలుగా బాగానే ఉంటుంది, కుదుపు తగిలితే లివర్ వెంట్రుకవాసి కదిలి బుడిపె బయటికొచ్చేస్తుంది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నట్టు స్విచ్ దగ్గర చెవి పెట్టి, లివర్ని మెల్లగా, చాలా మెల్లగా లాగండి. లాగడం మొదలవ్వకముందే టిక్కుమందా, అదే జబ్బు.


టూల్‌కిట్‌తాత

లక్ష్మమ్మా, నా 31 ఏళ్లు నీ ఒక్క ప్రశ్నకి సరిపోలేదు. నేను ముందు అడగాల్సింది అదే. డిపోలో కొత్త కుర్రాళ్లకి రోజూ చెప్పేవాణ్ణి, "చివరగా చెయ్యి పెట్టింది ఎక్కడ?" అని. ఇక్కడ నేనే మర్చిపోయా.

బాబూ, స్విచ్ ఇప్పుడే కొనకు. పాత లివర్ విరిగింది చివరే కదా, మడమ బాగానే ఉంటుంది. పారేయకుండా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి కొలువు. మడమ మీద టేపు చుట్టడం, జిగురుతో ముక్క అతికించడం లాంటివి చేయకు. అది ఊడి లివర్ కింద ఇరుక్కుంటే బ్రేకు సగం పట్టి ఉండిపోతుంది. అసలే అది బ్రేక్.


హాఫ్‌క్లచ్

నేను టేపు చుట్టమనే రాయబోతున్నా. ఆగాను. ఫ్రెండుకి కూడా ఫోన్ చేసి చెప్పా తాతా, వైరు కలిపిస్తున్నాడు.


కోదాడబండి

రిపోర్టు.

పాత లివర్ దొరికింది. మా ఆవిడ పారేయలేదు, బాల్కనీలో తులసి కుండీలో మొక్కకి ఊతంగా గుచ్చింది! మట్టి కడిగి కోదాడ తీసుకెళ్లా. మా మేనమామకి అక్కడ లేత్ షాపుంది. వెర్నియర్ పెట్టి కొలిచాడు. స్విచ్ బుడిపెని తాకే చోట పాతదాని కన్నా బంగారపుది 0.9 మిల్లీమీటర్లు తక్కువ. పైగా బోల్టు రంధ్రం కాస్త పెద్దది, బిగించాక కూడా లివర్ పైకీ కిందికీ ఆడుతోంది. పాతది వేసి చూస్తే ఆ ఆట లేదు.

అక్క చెప్పిన టిక్కు సంగతి. బంగారు లివర్ బిగించి ఉండగా చెవి పెట్టా. వేలు ఆనించానో లేదో టిక్. పాతది బిగించి లాగితే, లాగా, లాగా, వేలి గోరంత దూరం వచ్చాక అప్పుడు టిక్. చెవికే తేడా తెలిసిపోయింది, వెర్నియర్ అక్కర్లేదు. మామ మాత్రం "వెర్నియర్ లేకపోతే నమ్మేవాడివి కాదు" అన్నాడు.

మామ బంగారపుదాని మడమకి వెల్డింగ్ పెట్టి సాన పడతానన్నాడు. అల్యూమినియం, అదీ బ్రేక్ లివర్, వద్దన్నా. తాతగారి మాట చెవిలో ఉంది. కంపెనీ కొత్త లివర్ 460కి తెప్పించి వేశా. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిన 6,800 నా జేబులోనే ఉంది. ఒక్క మాట వాళ్ల తరఫున కూడా చెప్పాలి, లివర్ మార్చానని వాళ్లకీ నేను చెప్పలేదు. బంగారు రంగులో కళ్లముందే మెరుస్తున్నదాన్ని వాళ్లూ అడగలేదనుకోండి.

నిన్న తెల్లవారుజామున పంతంగి దాటాక 78 సెట్ చేశా. చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, పచ్చబొమ్మ కదల్లేదు. మూసీ వంతెన వస్తుంటే పరీక్ష రిజల్ట్ చూసేముందు ఉండే టెన్షన్. మొదటి అతుకు, ధడ్, పచ్చగానే ఉంది. చివరి అతుకు, ధడ్, పచ్చగానే ఉంది. హెల్మెట్ లోపల అరిచా. సూర్యాపేట దగ్గర గేదెల మంద డివైడర్ దాటుతుంటే నేనే బ్రేక్ పట్టి వదిలించా, అదొక్కటే. కోదాడలో దిగాక వేళ్లు తిమ్మిరి లేవు. అమ్మ పెసరట్టు పెడితే కుడిచేత్తోనే తిన్నా.


డాలస్‌బావ

ఆ తులసి కుండీకి ఇప్పుడు ఊతం ఏది?


కోదాడబండి

పాతదే, మళ్లీ గుచ్చేసింది.


టూల్‌కిట్‌తాత

సంతోషం బాబూ. ఒక్కటి మిగిలింది. జత కొన్నానన్నావు. క్లచ్ వైపు బంగారపుది ఇంకా అలాగే ఉందా? క్లచ్ స్విచ్ కూడా క్రూజ్‌కి కబురు పంపుతుంది.


కోదాడబండి

తాతగారూ, మీ మెసేజ్ చదివి లుంగీలోనే సెల్లార్‌కి పరిగెత్తా. చెవి పెట్టి విన్నా. టిక్కు ఆలస్యంగానే వస్తోంది, దూరం బాగానే ఉంది. కానీ ఇటువైపూ బోల్టు దగ్గర అదే ఆట, లివర్ పైకీ కిందికీ ఊగుతోంది. పైకి వచ్చి చెప్తే మా ఆవిడ, ఒకటి నలుపు ఒకటి బంగారం ఎలాగూ బాలేదంది. ఎడమది కూడా కంపెనీదే ఆర్డర్ పెట్టా, గురువారానికి వస్తుంది.